ఎందుకైనా మంచిదని

ఒకే అంతస్తులో రెండు గదులు ఉన్నాయనుకుందాం. ఒకదాని అద్దాలు తూర్పుకు, రెండోదానివి పడమరకు. తూర్పు గదికి పొద్దున్న తొమ్మిదింటికి రెండు టన్నుల చల్లదనం కావాలి, మధ్యాహ్నం దాటితే ఒకటింపావు చాలు. పడమటి గది పొద్దుటంతా నిమ్మళంగా ఉండి సాయంత్రం నాలుగింటికి రెండు టన్నులు అడుగుతుంది. రెండింటికీ కలిపి ఒకే యంత్రం పెడితే ఎంతది పెట్టాలి? రోజులో ఏ గంట చూసినా మూడుంపావుకు మించి పని ఉండదు. కానీ వేడి లెక్క కట్టిన సాఫ్ట్‌వేర్ నుంచి భవనం గీసే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లేటప్పుడు ఆ రెండు అంకెలూ తమ గంటల్ని వెనకే వదిలేసి వెళతాయి. అవతల అందుకున్న మనిషి రెండూ రెండూ నాలుగని కూడతాడు. కూడికలో తప్పు లేదు, విడివిడిగా ఏ అంకెలోనూ తప్పు లేదు. యంత్రం మాత్రం పెద్దదైపోయింది, భవనం నిలిచినన్నాళ్లూ దాని కరెంటు బిల్లు కట్టేవాళ్లకు ఆ సంగతి తెలిసే దారి కూడా లేదు.

భవనంలో ఏసీ, కరెంటు, నీళ్లు, మురుగు, మంటలార్పే గొట్టాలు – వీటన్నింటినీ కలిపి మా పనిలో ఎం.ఈ.పి. అంటాం. ఎక్కడో దుబాయ్‌లో కట్టబోయే హోటలుకో, ఇంగ్లండ్‌లోని ఆసుపత్రికో, అమెరికాలోని బడికో హైదరాబాద్‌లో కూర్చుని డక్టులూ పైపులూ గీసే యువతరం ఈ రోజుల్లో చాలా పెద్దది. నేనూ ఆ పనిలోనే ఉన్నాను. గీయడానికి ఎక్కువమంది వాడేది రెవిట్. వేడి లెక్కకు హ్యాప్, ట్రేస్ లాంటివి వేరే. దీపాల వెలుతురుకు డయాలక్స్, కరెంటు లెక్కలకు ఈటాప్. పంపు ఎంత ఎత్తుకు తోయాలో, అంటే దాని హెడ్ ఎంతో తేల్చడానికి చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఎక్సెల్ షీటే దిక్కు. భవనం ఒక్కటే, దాని గురించిన అంకెలు ఇన్ని చోట్ల చెదిరి ఉంటాయి. వాటిని ఇటు నుంచి అటు మోయడంలోనే మా పని సగం గడుస్తుంది.

డేటా అవతలికి చేరిందా లేదా అన్నదే అందరి ఆరాటం. చేరడం ఒక్కటే చాలదని నా నమ్మకం. ఆ అంకె ఏ గంటది, అందులో అప్పటికే ఎంత మార్జిన్ కలిసింది, ఎవరు ఏమనుకుని ఆ లెక్క కట్టారు, ఇవి వెంట రాకపోతే మనకు అందింది సగం అంకే.

కాగితం మీద లెక్క కట్టిన రోజుల్లో ఆ మిగతా సగం ఎక్కడికీ పోలేదు. ఈ-ట్వంటీ అని ఒక ఫారం ఉంది. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో గాలి తేమను అదుపు చేయడానికి పద్ధతి రూపొందించిన విల్లిస్ క్యారియర్ పేరు మీద నడిచే కంపెనీ ఫారం అది. మన దేశంలో ఏసీ ఇంజనీర్లు ఆ ఫారాన్నే ఎక్సెల్‌లోకి ఎక్కించుకుని ఇప్పటికీ వాడుతున్నారు. ఒకే పేజీ. తలమీద ఈ లెక్క ఏ గంటకు కడుతున్నామో రాయడానికి చోటు ఉంటుంది. కిందకి వస్తుంటే అద్దం మీద పడే ఎండ, గోడ, కప్పు, మనుషులు, దీపాలు, బయటి నుంచి తెచ్చే గాలి వరుసగా వస్తాయి. కూడికల దగ్గర సేఫ్టీ ఫ్యాక్టర్‌కు ప్రత్యేకంగా ఒక వరుస. చివరికి టన్నులు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బి.టి.యు., అంటే ఒక అమెరికన్ టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో పూర్తిగా కరగడానికి తీసుకునే వేడి. ఆ ఆఖరి అంకె మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతే దాని పుట్టుక మొత్తం కనిపిస్తుంది. ఆ ఫారంలోని లెక్క నేటి సాఫ్ట్‌వేర్ లెక్కంత సూక్ష్మమైనది కాదు. గోడ వేడిని పట్టి ఉంచి ఆలస్యంగా వదిలే తీరును ఇప్పటి ప్రోగ్రాములు గంట గంటకూ లెక్కిస్తాయి. నేను మెచ్చుకునేది దాని గణితాన్ని కాదు, అంకెనూ కారణాన్నీ ఒకే పేజీలో ఉంచిన ఆ పద్ధతిని.

సాఫ్ట్‌వేర్లు పెరిగాక ఆ పేజీ చీలిపోయింది. చీలిన ముక్కల్ని మళ్లీ కలపడానికి జరిగిన కృషి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పది ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలంటే తొంభై అనువాదకాలు రాయాలి. అందరికీ ఉమ్మడిగా ఒక భాష ఉంటే ఇరవైతో పని జరిగిపోతుంది. 1994లో ఆటోడెస్క్ చొరవతో పన్నెండు అమెరికన్ కంపెనీలు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం ఆ ఉమ్మడి భాష కోసమే. అది అంతర్జాతీయ కూటమిగా పెరిగి, 2005 నుంచి బిల్డింగ్‌స్మార్ట్ అనే పేరుతో నడుస్తోంది. వాళ్లు తయారుచేసిన ఐ.ఎఫ్.సి. ఇప్పుడు ఐ.ఎస్.ఓ. 16739 ప్రమాణం. ఒక్క శక్తి లెక్కల కోసమే జి.బి.ఎక్స్.ఎం.ఎల్. అని మరొకటి 2000 ప్రాంతంలో కాలిఫోర్నియాలో పుట్టింది. రెవిట్ నుంచి గదుల్ని హ్యాప్‌కు పంపేటప్పుడు మేం ఎక్కువగా పట్టుకునేది దీన్నే.

పంపినప్పుడు ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆర్కిటెక్టు గీసిన తొమ్మిదంగుళాల గోడకు మందం ఉంది, లోపలి ముఖం, బయటి ముఖం ఉన్నాయి. వేడి లెక్కకు ఆ గోడ మందం లేని ఒక తలం, ఆ మందం సంగతి ఒక గుణకంలోకి చేరుతుంది. ఆర్కిటెక్టుకు వరండా పొడవునా సాగిన గోడ ఒకే వస్తువు. దాని వెనక అయిదు గదులుంటే వేడి లెక్కకు అది అయిదు ముక్కలు కావాలి, ఎందుకంటే ఒక్కో ముక్క అవతల ఒక్కో ఉష్ణోగ్రత. ఈ కోత సాఫ్ట్‌వేరే కోస్తుంది. స్తంభం దగ్గర గోడ కాస్త తక్కువపడి సందు మిగిలితే గది మూతపడదు. చూడటానికి గదిలాగే ఉంటుంది, లెక్కలో మాత్రం దానికి ఘనపరిమాణం ఉండదు. ఇక ఫాల్స్ సీలింగ్. గది ఎత్తు సీలింగ్ దాకానా, దానిపైన శ్లాబు దాకానా? పైన మిగిలిన ఖాళీ లోంచి గాలి తిరిగి వెళుతుంటే దీపాల వేడిలో కొంత గదిలోకి రాకుండా అటే పోతుంది. దాన్ని ఎక్కడ లెక్కేయాలన్నది ఇంజనీరు తీసుకోవలసిన నిర్ణయం. ఫైలు ఆ నిర్ణయం ఫలితాన్ని మోసుకెళుతుంది, నిర్ణయం జరిగిందన్న మాటను మోసుకెళ్లదు.

దిక్కుల సంగతీ అంతే. రెవిట్‌లో రెండు ఉత్తరాలుంటాయి. కాగితం మీద భవనం తిన్నగా కనబడటానికి పెట్టుకున్నది ఒకటి, నిజమైన ఉత్తరం ఇంకొకటి. రెండోదాన్ని ఎవరూ సరిచేయకపోతే లెక్కలో భవనం మొత్తం పక్కకు తిరిగిపోతుంది. హైదరాబాద్ మే నెల సాయంత్రం పడమటి కిటికీ పక్కన కూర్చున్నవాళ్లెవరూ దాన్ని ఉత్తరపు కిటికీ అనుకోరు. ఫైలుకు ఆ చెమట తెలియదు.

అన్నింటికంటే నన్ను ఎక్కువగా బాధించేది మార్జిన్ల గొలుసు. ఏ లెక్కా నూటికి నూరు పాళ్లు నిజం కాదు. వాడకం మారవచ్చు, జనం పెరగవచ్చు, అద్దం అనుకున్న రకం రాకపోవచ్చు. అందుకని పది శాతం కలుపుకోవడం బాధ్యత తెలిసిన పనే. కానీ వేడి లెక్క కట్టినవాడు పది కలుపుతాడు. ఆ టన్నుల్ని గాలి పరిమాణంగా మార్చేవాడికి లోపల పది ఉందన్న మాట చేరదు, అతనూ పది కలుపుతాడు. డక్టులో ఒత్తిడి లెక్క కట్టేవాడు ఇంకో పది. మోటారు ఎంపిక చేసేవాడు మరో పది. నాలుగుసార్లు పది శాతమంటే నలభై కాదు, 1.1ని నాలుగుసార్లు హెచ్చవేస్తే 1.4641. దాదాపు ఒకటిన్నర రెట్లు. పెళ్లింట్లో మూడొందల మందికి వంట చెప్పమంటే, పెదనాన్న ఒక ముప్పై, మేనమామ ఇంకో ముప్పై, చివరికి వంటాయన తనవంతుగా మరికొంత కలిపేసినట్టు. అక్కడ మిగిలిన అన్నం ఒక్క పూటతో పోతుంది. ఇక్కడ పెద్దదైన యంత్రం ఇరవయ్యేళ్లు తిరుగుతుంది.

పెద్ద యంత్రం ఉంటే నష్టమేముందని చాలామంది అడుగుతారు. పంపు వేగానికీ అది తినే కరెంటుకూ ఉన్న సంబంధం ఘనంలో ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే గొట్టాల రాపిడి మీద మాత్రమే పనిచేసే వలయంలో కరెంటు దాదాపు సగానికి దిగుతుంది. అంటే అవసరానికి మించిన వేగానికి ధర కూడా అదే వాలులో పైకి ఎక్కుతుంది. వేగం మార్చే డ్రైవ్ ఉన్నచోట కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. లేనిచోట వాల్వు సగం మూసి నీటిని బిగబట్టి నడుపుతారు, ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో ఆపడమే అది. ఏసీ పెద్దదైతే ఇంకో ఇబ్బంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉక్కపోతకు సగం కారణం తేమ. ఒకే వేగంతో నడిచే పెద్ద కంప్రెసర్ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. తేమను పిండేటంత సేపు అది నడవదు. థర్మామీటరు 24 చూపిస్తుంటే మనుషులు జిగటగా కూర్చుంటారు. పెద్దది పెట్టినందువల్లే హాయి తగ్గిందని వాళ్లకు ఎవరు చెబుతారు?

ఒకసారి మా దగ్గర పనిచేసే అమ్మాయి ఒక పంపు షెడ్యూలు, అంటే పంపుల వివరాల పట్టిక తెచ్చింది.

"ఈ 32 మీటర్ల హెడ్ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"లెక్కల షీట్‌లో 29 ఉంది సార్."

"అందులో మార్జిన్ కలిసుందా?"

"తెలీదు సార్. ఎందుకైనా మంచిదని పది శాతం కలిపాను."

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. నోరు లేని అంకె ఒకటి చేతికొచ్చినప్పుడు బాధ్యత గల మనిషి చేయగలిగింది అదొక్కటే. కలపకుండా వదిలేసి రేపు పైఅంతస్తుకు నీళ్లు ఎక్కకపోతే మాట పడేది ఆమే. కలిపితే ఎవరూ అడగరు. మేం పాత షీటు తెరిచి చూస్తే 29 అన్నది 26 మీద పది శాతం కలిపి ఎగువకు సర్దిన అంకె అని తేలింది. ఆ 26 మీటర్ల కారణం గొట్టాల పొడవుతో, మలుపులతో సహా ఆ షీటులో స్పష్టంగానే ఉంది. షెడ్యూలులోకి దిగినది మాత్రం అంకె ఒక్కటే.

అంకెలు వెళ్లడమే కాదు, తిరిగి రావడం కూడా ఉంది. దాన్ని ఇంకా తక్కువగా పట్టించుకుంటాం. లెక్క ప్రకారం 600 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. ఎత్తు డక్టు రావాలనుకోండి. మోడల్లో పెట్టి చూస్తే బీము అడ్డం. సీలింగ్ కిందకి దించడానికి ఆర్కిటెక్టు ఒప్పుకోడు. గీసే కుర్రాడు తెలివిగా వైశాల్యం తగ్గకుండా 960, 250 చేస్తాడు. గుణించి చూడండి, రెండూ ఒకటే. బీము కింద చక్కగా ఇమిడింది, మోడల్లో ఎర్రగా వెలిగిన ఢీకొట్టు గుర్తు పోయింది, అందరికీ ఊరట. కానీ గాలికి వైశాల్యం ఒక్కటే కాదు, చుట్టూ రాసుకునే రేకు కూడా ముఖ్యం. సమానమైన గుండ్రటి గొట్టంగా మార్చి చూస్తే మొదటిది సుమారు 533 మి.మీ., రెండోది 508. రాపిడి వ్యాసానికి అయిదో ఘాతంలో తిరగబడి పెరుగుతుంది కాబట్టి అదే గాలికి ఒత్తిడి నష్టం నాలుగో వంతుకు పైగా ఎక్కువవుతుంది. రేకు కూడా అయిదో వంతు ఎక్కువ పడుతుంది. ఇలాంటి సర్దుబాట్లు ఒక పెద్ద భవనంలో ఎన్నో జరుగుతాయి. ఫ్యాను లెక్క మాత్రం మొదటి డక్టు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మారిన కొలత వెనక్కి వెళ్లి లెక్కను తట్టి లేపాలి. దానికి దారి ఉన్న ఆఫీసులు నాకు తెలిసినంతలో తక్కువ.

దారి వేసినా ఒక్కోసారి ఇల్లు దొరకదు. ఐ.ఎఫ్.సి.లో ప్రతి గదికీ, ప్రతి గోడకూ ఇరవై రెండు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. లెక్క ఫలితాలు ఆ గుర్తును పట్టుకునే తమ గదికి తిరిగొస్తాయి. ఈలోగా ఎవరో ఆ గదిని చెరిపి అదే చోట అదే పేరుతో మళ్లీ గీస్తే, చూసేవాడికి అదే గది, ఫైలుకు కొత్త గది. వచ్చిన టన్నులు గుమ్మం దగ్గర నిలబడిపోతాయి. గది పేరూ నంబరూ మార్చవచ్చు గానీ గదిని చెరపకూడదన్నదే కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే మాట.

ఇదంతా చేత్తో ఒక సాఫ్ట్‌వేర్ చూసి ఇంకోదాంట్లో టైపు చేసిన రోజులే మేలనడం నా ఉద్దేశం కాదు. వేళ్లు తప్పుతాయి, కళ్లు అలసిపోతాయి. ఒకచోట నీళ్లు అమెరికన్ గెలాన్లలో, ఇంకోచోట బ్రిటిష్ గెలాన్లలో ఉంటే, 3.785 లీటర్లకూ 4.546 లీటర్లకూ మధ్య అయిదో వంతు నీళ్లు ఎవరికీ తెలియకుండా పుట్టుకొస్తాయి. మన పనిలో డ్రాయింగు మిల్లీమీటర్లలో, స్థలం చదరపు అడుగుల్లో, గాలి సి.ఎఫ్.ఎం.లో, పంపు ఎత్తు మీటర్లలో. ఇన్నింటి మధ్య మార్పిడిని యంత్రానికి అప్పగించడమే న్యాయం. కానీ చేత్తో ఎక్కించేటప్పుడు ప్రతి అంకె మీదా ఒక మనిషి చూపు పడేది. ఇంత చిన్న గదికి ఇంత గాలి ఏమిటని చెయ్యి ఆగేది. బటన్ నొక్కితే మూడువందల గదులు ఒక్కసారిగా వచ్చి కూర్చునే చోట ఆ ఆగడం పోయింది. దాన్ని కావాలని మళ్లీ పెట్టుకోవాలి. గదికి చదరపు అడుగుల లెక్కన ఎంత చల్లదనం పడుతోందో రంగుల్లో చూపించే ఒక పటం చాలు, వింతగా ఉన్న గది తనంతట తనే బయటపడుతుంది. ఇలాంటి పటాలు తయారుచేసే, రెవిట్‌లో నడిచే చిన్న చిన్న డైనమో ప్రోగ్రాముల్ని ఇప్పటి కుర్రకారు మధ్యాహ్నం భోజనం లోపు రాసేస్తున్నారు. వాళ్ల చేతుల్లోని ఆ చురుకు చూస్తే నాకు చాలా ఆశగా ఉంటుంది.

అంకె వెంట కారణం పంపడానికి ఫైలులో చోటు లేదా అంటే, ఉంది. ఐ.ఎఫ్.సి.లో ఒక గది తన మీద పడే వేడిని మనుషులది ఇంత, దీపాలది ఇంత, బయటి గాలిది ఇంత అని విడివిడిగా దాచుకోగలదు. ఎక్కువ ఫైళ్లలో ఆ గడులు ఖాళీగానే వస్తాయి. ఒక వస్తువును ఎవరు చేశారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారు అని రాసే వివరం ఆ భాషలో మొదట తప్పనిసరిగా ఉండేది. 2013లో వచ్చిన నాలుగో రూపంలో దాన్ని ఐచ్ఛికం చేశారు. యాంత్రికంగా నిండే ఆ వివరం వల్ల ఫైలు బరువెక్కడం తప్ప ఒరిగేది తక్కువన్న వాదనలో పస లేకపోలేదు. అయినా నా లెక్కన పోవలసింది ఆ గడి కాదు, దాన్ని యాంత్రికంగా నింపే అలవాటు. దీనికి భిన్నంగా 2009లో మొదలైన బి.సి.ఎఫ్. అన్నది నాకెంతో ఇష్టం. అది భవనాన్ని మోయదు. ఒక వస్తువు గుర్తు, దాన్ని చూస్తున్న కోణం, దాని గురించి ఒక మనిషి ఇంకో మనిషికి రాసిన మాట, ఇంతే మోస్తుంది. ఢీకొట్టిన డక్టుల గురించి మాట్లాడుకోవడానికి దాన్ని విరివిగా వాడుతున్నాం. మార్జిన్ల గురించి మాట్లాడుకోవడానికి కూడా అది అంతే బాగా పనికొస్తుంది.

ఖర్చు ఎవరి మీద పడుతుందన్నదీ చూడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఒక నివేదిక ఇచ్చింది. భవన రంగంలో సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి సరిగా డేటా ఇచ్చుకోలేకపోవడం వల్ల 2002లో ఆ దేశానికి అయిన నష్టం 1,580 కోట్ల డాలర్లని అందులో అంచనా. అందులో మూడింట రెండు వంతులు పడింది గీసినవాళ్ల మీద కాదు, కట్టినవాళ్ల మీదా కాదు, భవనం సొంతదార్ల మీదా నడిపేవాళ్ల మీదా. ఆ అంకెల కంటే ఆ వాటానే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మనం ఒకరికొకరం సరిగా చెప్పుకోకపోవడానికి మూల్యం మన సంభాషణలో లేనివాళ్లు చెల్లిస్తున్నారు.

అందుకే అంకె వెంట కారణం పంపే పని సొంతదార్ల నుంచి మొదలవ్వాలంటాను. నేను చూసిన టెండర్లలో చాలావాటిలో, కట్టడం పూర్తయ్యాక ఇవ్వవలసిన వాటిలో డ్రాయింగులు ఉంటాయి, యంత్రాల పుస్తకాలు ఉంటాయి, గ్యారంటీ కాగితాలు ఉంటాయి. లెక్కల ఫైలు అడిగేవాళ్లు అరుదు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి, ఒక విశ్వవిద్యాలయం తన ఒప్పందంలో రెండు మూడు వాక్యాలు చేర్చుకుంటే సరిపోతుంది. వేడి లెక్క ఫైలు, దానికి వాడిన వాతావరణ ఫైలుతో సహా ఇవ్వాలి. మోడల్లో ప్రతి ప్రధాన యంత్రం దగ్గరా లెక్కలో తేలిన అంకె వేరుగా, కలిపిన మార్జిన్ వేరుగా, అది ఏ నెల ఏ గంటదో, ఎవరు తేల్చారో ఉండాలి. అవన్నీ ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరవగలిగే రూపంలో కూడా ఉండాలి, ఎందుకంటే భవనం బతికే కాలంలో సాఫ్ట్‌వేర్లు ఎన్నో పుట్టి పోతాయి. మా ఆఫీసులో పంపుల షెడ్యూలుకు ఆ నాలుగు గడులూ ఇప్పుడు చేర్చాం. అవి ఐ.ఎఫ్.సి.లోకీ వెళుతున్నాయి, ఎక్సెల్‌లోకీ వస్తున్నాయి. నింపడానికి పట్టే సమయం పెద్దగా ఏమీ లేదు.

పదిహేనేళ్ల తర్వాత, అలా వివరాలు రాయించుకున్న ఒక ఆసుపత్రిలో పంపు అరిగిపోయి కొత్తది కొనాల్సి వస్తుంది. ఇంజనీరు పాతదాని ప్లేటు చూస్తే 32 మీటర్లని ఉంటుంది. ఫైలు తెరిస్తే లెక్క 26, మార్జిన్ రెండుసార్లు పది శాతం, ఆ పైన సర్దుబాటు అని ఉంటుంది. అప్పుడాయన పీడనం గేజీ తీసుకెళ్లి నడుస్తున్న వలయంలో నిజంగా ఎంత అవసరపడుతోందో కొలుచుకుని, చిన్న మోటారుకు ఆర్డరు పెట్టవచ్చు.